గ్లాసుకి రెండు ప్యాకెట్లు

నాకు నీళ్ళంటే భయం. గోదావరి కాలవ గట్టున పుట్టి పెరిగినదానికి ఈ భయమేంటని మా ఇంట్లో ఇప్పటికీ ఆట పట్టిస్తారు. ఈత రాదు, పడవెక్కను, పుష్కరాలకి వెళ్ళినా మెట్ల మీదే నిలబడి చెంబుతో పోసుకుని వచ్చేస్తాను. అలాంటిదానికి నర్సు ఉద్యోగమిచ్చి, ఏరి కోరి పాలకొల్లు అవతల రొయ్యల చెరువుల మధ్య వేశారు. నేను టీకాలు వేసి, బరువు చూసి, మందులివ్వవలసిన పిల్లల్లో సగం మంది ఊళ్ళో ఉండరు. చెరువు గట్ల మీద, కాపలా పాకల్లో ఉంటారు. తల్లిదండ్రులు ఎక్కడెక్కడి నుంచో పనికి వచ్చినవాళ్ళు. మనం వెతుక్కుంటూ వెళితేనే ఆ పిల్లలు కంటపడతారు.

ఆ పాకల్లో ఒకటి కోరుకొండ అవతలి మెట్ట నుంచి వచ్చిన కుటుంబానిది. భార్య, భర్త, రెండేళ్ళు నిండిన ఆడపిల్ల. తల్లి పొద్దున్నే వ్యానెక్కి రొయ్యలు వలిచే షెడ్డుకి పోయేది. తండ్రి చెరువుకి మేత వేయడం, నీళ్ళలో గాలి ఆడించే ఏరియేటర్లు చూసుకోవడం. అతను గట్టు చుట్టూ తిరిగేటప్పుడు పిల్ల నడుముకి పాత చీర కట్టి, రెండో కొస పాక గుంజకి ముడేసేవాడు. గట్ల మీద అందరూ అలాగే కడతారు. మొదటిసారి చూసినప్పుడు "పిల్లా, దూడా?" అని కేకలేశాను. అతను చెరువు వైపు చూశాడు. నేనూ చూశాను. ఆ తర్వాత ఎప్పుడు ఆ గట్టెక్కినా ముడి దగ్గర పిల్ల ఉందా లేదా అని దూరం నుంచే వెతుక్కునేదాన్ని.

ఎండలు ముదిరిన రోజుల్లో పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి. సాయంత్రం తల్లి షెడ్డు నుంచి వచ్చాక వెళ్ళి ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చాను. లీటరు సీసా చేత్తో పట్టుకుని, దీన్నిండా నీళ్ళకి ఒకే ప్యాకెట్టు అని చూపించాను. ఆమె చేత తిరిగి చెప్పించుకున్నాను కూడా. చెరువుల మీద మంచినీళ్ళు టిన్నులతో తెచ్చుకోవాలి, చుట్టూ ఉన్నదంతా ఉప్పునీరే. అందుకని నీళ్ళకి వెనకాడొద్దని మరీ మరీ చెప్పాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి తల్లి పనికి వెళ్ళిపోయింది. ముడి దగ్గర పిల్ల ఉంది. హమ్మయ్య అనుకున్నాను. దగ్గరికి వెళ్ళాక ఆ హమ్మయ్య నోట్లోనే ఆగిపోయింది. పిల్ల ఏడుపు ఎప్పటి ఏడుపులా లేదు, సన్నగా, కీచుగా ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. నాలిక ఎండిపోయింది. నేను చెయ్యి వేస్తే ఉలిక్కిపడి, వెంటనే మళ్ళీ మగతలోకి జారిపోయింది.

తండ్రి మేత గమేళా కింద పెట్టి సంబరంగా వచ్చాడు.

"మోషన్లు తగ్గేయండి మేడం గారు. బాగా పని చేసిందండి మందు."

"ఎలా కలిపావయ్యా?"

"గ్లాసుకి రెండు ప్యాకెట్లు వేసేనండి. ఒకటేస్తే ఏం పని చేస్తదండి? రొయ్యకి జబ్బొచ్చినా మేం డోసు డబులే కదండి వేసేది. రాత్రి దానమ్మ పడుకున్నాక ఒక గ్లాసు, పొద్దున్న పనికెళ్ళాక ఒక గ్లాసు. మొత్తం తాగించేనండి."

అంత ఉప్పు పసిపిల్ల ఒంట్లోకి పోతే ఏమవుతుందో చదువుకున్నాను కానీ ఎన్నడూ చూడలేదు. అతను మాత్రం తెలివైన పని చేశానన్నట్టు నా మొహంలోకి చూస్తున్నాడు. ఆ క్షణంలో అతనికి నిజం చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. "బండి తియ్యి" అన్నాను.

అంబులెన్సు గట్టు మీదికి రాదు, రోడ్డు దాకా వచ్చేవరకు ఆగే ఓపిక నాకు లేదు. అతను బండి నడిపాడు, నేను వెనక పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రెండు పక్కలా చెరువులు, మధ్యలో మెత్తటి మట్టి, చక్రం జారితే ముగ్గురమూ నీళ్ళలోనే. మామూలు రోజైతే అరిచి గోల చేసేదాన్ని. గట్టు సగం దాటామో లేదో పిల్ల ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయింది, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. పక్కకి తిప్పి పట్టుకుని, "తొందరగా పోనీ, నాయనా" అన్నాను. అతను వెనక్కి తిరగబోయాడు. "తిరక్కు!" అని వీపు మీద గట్టిగా చరిచాను. పాలకొల్లు గోపురం కనబడేసరికి పిల్ల కొట్టుకోవడం ఆగింది. ఆగినందుకు ఇంకా భయమేసింది. ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగిలేదాకా నేనూ ఊపిరి తీసుకోలేదు.

పిల్లల డాక్టరు గారు రక్తం పరీక్ష చూసి తల అడ్డంగా ఊపారు. ఒంట్లో ఉప్పు విపరీతంగా పెరిగిందనీ, దాన్ని మెల్లగా దించాలనీ, తొందరపడితే మెదడు వాస్తుందనీ నాతో చెప్పారు. సెలైన్ చుక్క చుక్కగా ఎక్కిస్తున్నారు. పిల్లకి తెలివి వచ్చి "నీళ్ళు, నీళ్ళు" అని ఏడవడం మొదలుపెట్టింది. అక్కడి నర్సు ఇవ్వలేదు. తండ్రి ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"దాహంతో చస్తంటే గుక్కెడు నీళ్ళివ్వరేంటండి? మీకు పిల్లల్లేరా?"

అతన్ని వరండాలోకి లాక్కొచ్చాను. చెప్పక తప్పదు. ఎలా చెప్పాలో తెలియక అతనికి తెలిసినదే అడిగాను.

"నీ చెరువులో ఒక్కసారిగా ఉప్పు పెరిగిపోయిందనుకో. రొయ్య ఏమవుద్ది?"

"తట్టుకోలేదండి. గిలగిల్లాడి ఒడ్డుకొచ్చేస్తది."

"మరప్పుడు మంచినీళ్ళన్నీ ఒకేసారి వదిలేస్తావా?"

"అమ్మో, అలా చేస్తే ఉన్నవి కూడా చచ్చిపోతాయండి. కొంచెం కొంచెంగా వదలాలి..."

అని ఆగిపోయాడు. నా మొహం చూశాడు. గోడ వారన కూర్చున్నాడు. "నేనేనాండి?" అన్నాడు. కాదని అబద్ధమాడాలనిపించింది. ఆడకుండా అతని పక్కనే కూర్చున్నాను.

కబురందుకుని, షెడ్డులో పని బట్టలతోనే భార్య పరిగెత్తుకొచ్చింది. ఏమైందని నన్ను అడిగింది. అతనే లేచి, ఉన్నదున్నట్టు చెప్పాడు. కొడుతుందేమో అనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందేమో అనుకున్నాను. ఆమె పిల్ల మంచం పక్కన కూలబడి, ఆ రోజంతా భర్త వైపు చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు గారు నోటి ద్వారా నీళ్ళు మొదలుపెట్టొచ్చన్నారు. పిల్ల పూర్తిగా మునుపట్లా అవుతుందా అని అడిగితే, ఇప్పుడే చెప్పలేమన్నారు. నడిచినప్పుడు, మాట్లాడినప్పుడు చూడాలట. భార్య బయట మందులు తేవడానికి వెళ్ళింది. నేను గిన్నెలో నీళ్ళు పోసి, చెంచా వేసి అతని చేతికి ఇవ్వబోయాను. అతను రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

"నా చేత్తో వద్దండి. మీరే పట్టండి."

నాకు కోపం వచ్చింది. నిన్నటి నుంచీ బిగబట్టుకున్న భయమంతా కోపమై వచ్చింది. "రేపు గట్టు మీద ఎవరు పడతారయ్యా, నేనొచ్చి కూర్చుంటానా? తండ్రివి. పట్టు!" అన్నాను.

గిన్నె అందుకున్నాడు. చెంచాడు నీళ్ళు తీసి ముందు తన నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని రుచి చూశాడు. అప్పుడు పిల్లకి పట్టాడు. రెండో చెంచా కూడా అంతే, మూడోదీ అంతే. ఎంగిలి చెంచా పెట్టకూడదని ఊరంతా తిరిగి చెప్పేదాన్ని నేను, నోరు మెదపలేదు. పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. అతను ఇంకా రుచి చూస్తూనే ఉన్నాడు.