ఐలా ఫ్యాను నోరు మూయించిన వైనం

సాలో అనే ఊళ్లోని టీవీల ఫ్యాక్టరీలో ఐలా ఇరవై తొమ్మిదేళ్లు టంకం వేసింది. ఎవరో గీసిచ్చినదానికి టంకం వేయడమే తప్ప, సొంత బుర్రతో ఒక్క వస్తువూ చేసి ఎరగదు. నేను ఇర్మెలిని, అన్నేళ్లూ ఆమె పక్క కుర్చీలో కూర్చున్నదాన్ని. కాబట్టి నా మాట నమ్మొచ్చు.

2003లో రిటైరయ్యాక ఐలాకు కొత్త పిచ్చి పట్టుకుంది. చూపులేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి కంప్యూటర్లో రికార్డు చేయాలని. గొంతు బంగారమే. కానీ ఆమె పంపిన నమూనా హెల్సింకీలోని అంధుల సంఘం నుంచి తిరిగొచ్చింది. చదువు బాగుందట, వెనక గుయ్‌మని మోత ఉందట. రెండు వారాల్లో మరో నమూనా పంపాలి, అదీ ఇలాగే ఉంటే ఇంకొకరిని చూసుకుంటారట.

ఆ మోత కంప్యూటర్ని చల్లబరిచే ఫ్యానుది. ఐలా ఆ ఉత్తరం పట్టుకుని నా ముందే ఏడ్చింది. మా వైపు ఆడవాళ్లం ఒకరి ముందు ఒకరం ఏడవం.

“కంప్యూటర్ని సౌనాలో పెట్టి తలుపేసెయ్, నువ్వు బయట కూర్చుని చదువుకో” అన్నాడు ఆమె మొగుడు తౌనో.

“చల్లబరిచేదాన్ని తీసుకెళ్లి ఆవిరి స్నానాల గదిలో పెట్టమంటావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!” అని కసిరింది ఐలా.

మర్నాడు లైబ్రరీకి వెళ్లి, ఓ పత్రికలోంచి బొమ్మ గీసుకొచ్చింది. నాబ్ తిప్పితే ఫ్యానుకి వెళ్లే కరెంటు తగ్గాలి, అంతే. మూడు కాళ్ల రెగ్యులేటరు, ఒక నాబ్, ఇంకో రెండు చిన్న ముక్కలు. టంకం చూస్తే ముత్యాల్లా కుదిరింది. రెగ్యులేటరు వేడెక్కకుండా దాని లోహపు వీపుని కంప్యూటర్ ఇనప డొక్కకి మరతో బిగించింది.

స్విచ్ వేస్తే ఫ్యాను కదల్లేదు. రెగ్యులేటరు మాత్రం ముట్టుకుంటే చుర్రుమంది. విప్పింది, బిగించింది, మళ్లీ విప్పింది. అలా పది రోజులు పోయాయి. గడువు ఇంకా రెండు రోజులుందనగా నన్ను కాఫీకి పిలిచింది. కప్పు కింద పెట్టకముందే నాకు సంగతి తెలిసిపోయింది.

“ఏమే ఐలా, దీని వీపు కింద అభ్రకం ముక్కేదీ?”

“అభ్రకం ఏంటే?”

“నీ మొహం! నువ్వు టంకం వేసి నా వైపు తోస్తే, అన్నేళ్లూ నేనేం చేశాననుకున్నావ్? కరెంటు దాటకుండా ఒక్కోదాని కిందా అభ్రకం పెట్టి మర బిగించా. ఆ వీపులో కరెంటుంటుందే పిచ్చిదానా! ఇనుముకి తగిలితే అంతా అటే పోతుంది, ఫ్యానుకేం మిగులుతుంది?”

“నువ్వు ఊరికే మరలు తిప్పుతున్నావనుకున్నానే!”

“అనుకుంటావు, ఎందుకనుకోవు!”

తౌనో పాత రేడియో ఒకటి విప్పితే అభ్రకం ముక్కా, మరకి తొడిగే ప్లాస్టిక్ గొట్టమూ దొరికాయి. రెండూ నేనే పెట్టి బిగించాను. ఐలా స్విచ్ వేసింది. ఫ్యాను హోరెత్తింది. నాబ్ మెల్లగా తిప్పుతుంటే ఆ హోరు సన్నబడి, సన్నబడి, వినపడకుండా పోయింది.

“ఆగిపోయిందా ఏంటి?” అంటూ తౌనో కాగితం ముక్క అడ్డం పెట్టాడు. రెపరెపలాడింది!

ఐలా వేలెత్తి చెవి రిక్కించింది. “ఇప్పుడు ఫ్రిజ్ మోత వినిపిస్తోందయ్యా, దాన్నీ ఆపు.”

మా ముగ్గురికీ నవ్వాగలేదు. గంట గడిచినా కంప్యూటర్ వేడెక్కలేదు. ఆ మధ్యాహ్నమే నమూనా రికార్డు చేసి పంపింది.

వారానికి సంఘం నుంచి ఫోను. “స్టూడియో ఎక్కడ తీసుకున్నారమ్మా?”

“మా వంటింట్లోనే” అని ఐలా రెగ్యులేటరు సంగతంతా చెప్పింది.

“మాకు చదివేవాళ్లలో ఇంకో ముగ్గురికి ఇదే బాధ. వాళ్లకీ చేసిపెడతారా?”

ఐలా నిటారుగా నిలబడింది. “చేస్తాను. ముందు నాకు పుస్తకం పంపండి. బాగా లావుపాటిది చూసి పంపండి.”