అమ్మ ఎంచుకున్న క్యాసెట్

టీవీ ముందు కూర్చోగానే మా ఇంట్లో వాళ్లు "ఏదో ఒకటి పెట్టు" అంటారు. నేను ఏదో ఒకటి పెట్టను. నాకు నచ్చిందే వెతికి పెడతాను. మొండిదన్నా సరే.

పటాన్‌చెరులో నాతో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నాన్న కంపెనీకి సెలవు రోజున కలర్ టీవీ, వీసీఆర్ కిరాయికి రిక్షాలో వచ్చేవి. బయటి ఫ్యాక్టరీల కెమికల్ వాసనకు కిటికీలు మూసి, వాడకట్టంతా మా చాపల మీదే. క్యాసెట్లు తెచ్చేది మగవాళ్లు. నాన్న తెచ్చేవన్నీ ఫైటింగులే. అమ్మ వంటింట్లోంచి ఆ చప్పుడు వినేది, అంతే.

ఒక ఆదివారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని తానే వీడియో షాపుకు నడిచింది.

"ఎప్పుడు అన్ననే వస్తడు గదా, ఆయన్నే పంపకపోయినవా అక్కా?" అన్నాడు షాపాయన.

"చూసేటందుకు నాకు కండ్లు లేవా? నవ్వొచ్చేది ఒకటి ఇయ్యి."

ఇంటికొచ్చి, స్టవ్ వెలిగించకుండానే చాప మధ్యలో కూర్చుంది.

"మరి వంట?" అన్నాడు నాన్న.

"సినిమా ఒడిసినంక. ఆకలైతే ఎసరు మీరే పెట్టుండ్రి."

కాసేపటికి నాన్నే లేచి బియ్యం కడిగాడు. అన్నం అడుగంటి, మాడు వాసన ఇల్లంతా కమ్మింది. అందరూ అమ్మ వైపే చూశారు. తెర మీద శుభం పడేదాకా ఆమె లేవలేదు.