రౌండుకూ రౌండుకూ మధ్య ఒక్క నిమిషం

నాకు అనుమానం జాస్తి. పాలాయప్ప నీళ్లు కలిపితే కలిపినాడని తిడతా, కలపకపోతే ఈ పొద్దు ఏంటికి కలపలేదా అని ఆలోచిస్తా. అనుమానం పెనుభూతం అంటారు గదా, ఆ భూతానికి మా ఇంట్లో మూడు పూటలా అన్నం పెడతాండాం అంటాది మా యింటామె. ఆమె మాట నిజమేనని ఒప్పుకోవడానికి నాకు ఒక ఆడపిల్ల బతుకు అడ్డం తిరగాల్సి వచ్చింది. ఆ సంగతే చెప్తాండా.

కడపలో నాకొక కేబుల్ ఛానెల్ ఉండాది. మిద్దె మీద రెండు గదులు, అంతే ఛానెల్. ఒక గదిలో వార్తలు చదివే బల్ల, ఇంకొక దాంట్లో కంప్యూటరు. ఆ కంప్యూటరు ముందర కూచోని ప్రకటనలు వేసేది మా యింటామె. పుట్టినరోజు శుభాకాంక్షలు, ఉరుసు, చర్చి పండగ, ఏ వీధికి ఏ పొద్దు నీళ్లొస్తాయి, ఇదీ మా సరుకు. క్రికెట్టు మాలాంటోళ్లకు అందదు, దాన్ని పెద్ద పెద్ద ఛానెళ్లు ఎప్పుడో కొనేసుకున్యాయి. మాకు మిగిలింది బాక్సింగు.

మా ఊర్లో బాక్సింగు పోటీలు పెట్టేది ఒక బండల ఫ్యాక్టరీ ఆయన. నల్లబండ కోయించి, పాలిష్ పట్టించి లారీలకెత్తే వ్యాపారం. అందరూ బండలాయన అంటారు. రాయచోటి దారిలో పాత చర్చి ఉండే పల్లె ఆయనది. వయసులో ఉన్నప్పుడు యాడనో నేర్చుకున్నాడంట, ఇప్పుడు ఫ్యాక్టరీ వెనక షెడ్డులో పిల్లోళ్లకు నేర్పిస్తాడు. ఏడాదికొకసారి ఎండాకాలంలో మైదానంలో రింగు కట్టి, నాలుగు సాయంత్రాలు పోటీలు జరిపిస్తాడు.

ఆయనకూ నాకూ ఉండేది నోటిమాట ఒప్పందం. పోటీలు ఆయనవి, చూపించేది నేను. టీవీలో వస్తాదంటే ఆయన పోటీలకు జనం కదుల్తారు, కప్పులిచ్చే పెద్దమనుషులు ఇస్త్రీ చొక్కాలేసుకోని వస్తారు. బాక్సింగు ఉందంటే నాకు అంగళ్లోళ్లు ప్రకటనలిస్తారు. ఆయన లేకుంటే నాకు జరగదు, నేను లేకుంటే ఆయనకు జరగదు. ఇంత అవసరముండే చోట ఎవరన్నా నిజాయితీగా ఉంటారా అనేది నా లెక్క.

నా అనుమానం ఊరికే పుట్టింది కాదు. పోటీలు చూపించే హక్కు నీకు తప్ప ఎవరికీ ఇయ్యనని చెప్పి, పోయినేడు ఫోన్లలో చూపించే ఒక ఛానెల్ వానికి కూడా ఇచ్చినాడు. అడిగితే అది ఫోనప్పా, నీది టీవీ, రెండూ ఒకటేనా అన్నాడు. పైగా ఏటా వచ్చే కప్పుల్లో సగం ఆయన షెడ్డు పిల్లోళ్లకే పోతాయి. బాగా నేర్చుకోని గెలుస్తాండారేమో. కానీ నాకు అట్ల ఆలోచించే అలవాటు లేదు.

ఇంగ గంట సంగతి. బాక్సింగులో మూడు రౌండ్లు, రౌండుకూ రౌండుకూ మధ్య ఒక్క నిమిషం విశ్రాంతి. వాళ్లకది విశ్రాంతి, నాకది జీవనం. ప్రకటనలన్నీ ఆ నిమిషంలోనే పడాల. మొదటేడు ప్రకటన సగంలో ఉండంగానే గంట మోగేది. ఇంట్లో చూసేటోళ్లు రౌండు మొదలు తప్పిపాయెనని తిట్టినారు, అంగళ్లోళ్లు మా ప్రకటన కోసేసినావని తిట్టినారు. అప్పుడు బండలాయనా నేనూ కూచోని ఒక పద్ధతి పెట్టుకున్యాం. నా చెయ్యి పైకుంటే ప్రకటన నడుస్తాందని లెక్క, ప్రకటన అయిపాయెనని మా యింటామె ఫోన్లో చెప్తానే దించుతా, దించితే గంట కొట్టొచ్చని లెక్క. గంట అంటే రైలుపట్టా ముక్క, బండలాయన పల్లె బడిలోది. కొట్టేది రిటైరైన డ్రిల్ సారు. ఆయన చేతికి గడియారం ఉంటాది, కానీ చూసేది మాత్రం నా చెయ్యి. ఇట్లాంటి పద్ధతి లోకంలో యాడా ఉండదని ముగ్గురికీ తెలుసు. అయిదారు సెకండ్లే గదా అని ముగ్గురమూ ఊరుకున్యాం.

ఈ ఏడు పోటీలకు బయటి ఊరి క్రీడల హాస్టలు నుంచి ఒక కోచ్ వచ్చినాడు. ఆడపిల్లల్లో ఒక బరువు తరగతికి ఒక్క సీటుంది, ఫైనల్ గెలిచిన పిల్లను తీసుకపోతా, చదువూ తిండీ ఆటా అన్నీ మావే అని ముందే చెప్పేసినాడు. ఆ ఫైనల్‌కు ఇద్దరొచ్చినారు. ఒకరు బండలాయన షెడ్డు పిల్ల. ఇంకొకరు నేతోళ్ల పిల్ల. ఇంట్లో రెండు మగ్గాలు, తండ్రి నేస్తాడు, తల్లి నూలు కండెలు చుడతాది. కాలేజీ మైదానంలో నేర్చుకున్నింది. దాని ఎడమచెయ్యి మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడె మాదిరి పోయొస్తాది, ఎదుటోళ్లకు కనపడేలోపల వెనక్కొచ్చేసి ఉంటాది. తండ్రి నాకు ముందునుంచీ తెలుసు. ఫైనల్‌కు ముందు వచ్చి, ఈసారి సీటు రాకుంటే ఇంగ మగ్గమేనన్నా, ఇంకో ఏడాది ఆడించే శక్తి నాకు లేదు అని చెప్పిపోయినాడు.

ఎదురుండేది షెడ్డు పిల్ల గదా, బండలాయన ఊరుకుంటాడా? యామారితే మన నేతపిల్లను ముంచేస్తాడని తీర్మానించుకున్యా. పొద్దున్నే పోయి, డ్రిల్ సారు బల్ల ఎదురుగా ఉండే స్తంభానికి ఒక చిన్న కెమెరా కట్టేస్తి. బల్ల కింద ఒక మైకు తగిలిస్తి. ఎవరికీ చెప్పలే. దొంగ దొరికితే సాక్ష్యంతో దొరకాల.

ముందురోజు ఇంకొకటి జరిగుండాది. డ్రిల్ సారు నేను చెయ్యి దించకముందే గంట కొట్టినాడు, చీరలంగడి ప్రకటన సగానికి తెగింది. అందరి ముందరా రచ్చ చేస్తి. నా చెయ్యి దించకుండా గంట మోగితే కెమెరాలు ఎత్తుకోని పోతానని అంటి. బండలాయన తలొంచుకున్యాడు. తలొంచుకుంటే అది కూడా నాకు అనుమానమే.

ఫైనల్ మొదలాయె. మొదటి రౌండు సమానంగా పోయింది. రెండో రౌండు చివర్లో నేతపిల్ల కుడిచేత్తో దవడకు ఒక్కటిచ్చింది. షెడ్డు పిల్ల మోకాళ్లు సడలిపాయె. రెఫరీ అంకెలు లెక్కపెడతాంటే ఎట్లనో నిలదొక్కుకున్నింది, అంతలో గంట మోగింది. తూలుకుంటా పోయి తన మూలలో కూలబడె. మనపిల్లకు స్టూలు వేసినా కూచోలే. రింగులో నిల్చుకోనే ఉండాది. ఇంకో రౌండు మొదలైతే పది సెకండ్లలో అయిపోతాదని అందరికీ తెలిసిపాయె.

నేను చెయ్యి పైకెత్తితి. ఇంకో చేత్తో ఫోను చెవికాడ పెట్టుకున్యా, అవతల మా యింటామె. నా చూపంతా బండలాయన మీదనే. కొంచేపైనాక ఆయన లేసి డ్రిల్ సారు కాడికి పోయినాడు. వంగి చెవిలో ఏందో చెప్పినాడు. దొరికినావురా నాయనా అనుకుంటి. ఇంగ నా కండ్లు ఆడనుంచి కదల్లేదు. అవతల షెడ్డు పిల్ల తలమీద నీళ్లు పోసినారు, మెడ పిసికినారు, దాని కండ్లల్లోకి చూపు తిరిగొచ్చింది. అప్పటికి గాని గంట మోగలే.

మూడో రౌండులో షెడ్డు పిల్ల కొత్తగా లేసొచ్చింది. మనపిల్ల నిల్చుకోని నిల్చుకోని ఒళ్లు చల్లబడిపోయుండాది. ఓడిపాయె. కోచ్ కాగితం మీద షెడ్డు పిల్ల పేరు రాసుకున్యాడు.

నేతపిల్ల తండ్రి నా దగ్గరికొచ్చినాడు. అది నిమిషం కాదన్నా, రెండు నిమిషాలు, నేను లెక్క పెట్టుకున్యా అన్నాడు. నేను ఎదురొమ్ము విరుచుకోని, నా కాడ సాక్ష్యముండాది, ఊరందరికీ చూపిస్తా, నీకు న్యాయం చేస్తా అని మాటిచ్చేస్తి. అంతటితో ఆగినానా? బాక్సింగు పోటీల్లో మోసం, త్వరలో మీ ముందుకు అని ఛానెల్లో అక్షరాలు కూడా తిప్పిస్తి.

మరుసటిరోజు పొద్దున్నే కంప్యూటరు ముందర కూచోని చిన్న కెమెరాలో పడింది పెట్టుకున్యా. బండలాయన వంగినాడు. మాట స్పష్టంగా ఉండాది.

"సార్, కొట్టండి. నిమిషం దాటి శానాసేపాయె. ఆ నేతపిల్లకు అన్యాయమైతాంది."

"టీవీ ఆయన చెయ్యి దించలేదప్పా. నిన్న చేసిన రచ్చ చూసినావు గదా."

బొమ్మలో ఎడమ మూలకు ఒక చెయ్యి పైకి లేసి ఉండాది. దాని కింద నేను. వాళ్లిద్దరి తట్టు గుడ్లప్పగించుకోని చూస్తాండా, బండలాయన పోయి కూచున్నాక గాని ఆ చెయ్యి దిగలే. మా యింటామె వెనక నిల్చుకోని చూసి, అయిపాయె, అయిపాయె అని మూడుసార్లు చెప్తి, నువ్వు పలకనే లేదు అన్నింది. ప్రకటన నిమిషంలోనే అయిపోయుండాది. మిగిలినదంతా నా అనుమానం తిన్న టైము.

దొంగకు తేలు కుట్టినట్టు రెండు రోజులు నోరు మూసుకున్యా. అడిగినోళ్లకు కంప్యూటరు చెడిపాయెనని చెప్తి. ఇంకొక పని కూడా చేసినా, దాచిపెట్టి లాభం లేదు. ఆ ఎడమ మూల కత్తిరించి చూసినా. మూల పోతే చెయ్యి పోతాది, మాటలు తీసేస్తే బండలాయన వంగి గుసగుసలాడిందే మిగుల్తాది. చక్కగా కుదిరింది, ఎవరు చూసినా నమ్ముతారు. ఇన్నేండ్లూ ఆయన మీద నేను పెట్టుకున్న అనుమానమంతా కండ్లముందర నిజమై కూచున్నింది. అది చూసి నామీద నాకే అసహ్యం పుట్టింది.

మూడోరోజు నేతాయన ఫోన్ చేసినాడు. కోప్పడలే. ఎప్పుడు చూపిస్తావన్నా, ఇంటోళ్లు అడుగుతాండారు అన్నాడు. ఆ సాయంత్రమే కత్తిరించకుండా, మాటలతో సహా వేసేస్తి. ఆ చెయ్యి నాదేనని నేనే చదివినా. కోచ్‌కు పంపితే, గెలిచిన పిల్ల చేరిపాయె, దానిదేం తప్పుందని తీసేయాల అన్నాడు. ఆయన చెప్పిందీ నిజమే. బండలాయన మాత్రం ఒక్క మాట అన్నాడు, వచ్చే ఏడు గడియారం చూసే గంట కొడతాంలేప్పా అని. టీ అంగడి కాడ నన్ను చూసి చెయ్యి పైకెత్తేటోళ్లు ఇప్పటికీ ఉండారు.

టీవీలో చెప్పడం సులువే, గదిలో మనమూ కెమెరానే ఉంటాం. నేతోళ్ల ఇంటికి పోవడానికి నాకు ఇంకో వారం పట్టింది. పోయేసరికి తండ్రి ఒక మగ్గం మీద, ఆ పిల్ల ఇంకొక మగ్గం మీద. కూచోమన్నారు, మజ్జిగిచ్చినారు. తండ్రి నా మొహం చూడకుండా, అయిందేందో అయిపాయె లేన్నా అన్నాడు. నేను ఆ పిల్లతట్టు తిరిగి, నా చేత్తోనే నీ సీటు పోగొట్టినానమ్మా, నాకు ఆ పొద్దు తెలియనే లేదు అంటి.

"నాకు తెలుసన్నా," అన్నింది. "నీ చెయ్యి నాకు ఎదురుగానే ఉన్నింది. ఇప్పుడు దించుతావు, ఇప్పుడు దించుతావు అని దాన్నే చూస్తా నిల్చుకోనుంటి."

మరి ఆ పొద్దే మీ నాయనకు ఏంటికి చెప్పలేదని అడిగితి.

"న్యాయం చేస్తానని మా నాయనకు మాటిస్తాంటివి గదా. ఆయన మొహంలో అంత సంతోషం చూసి, చెప్పబుద్ధి కాలే."

తండ్రి మగ్గం ఆగిపాయె. ఆ పిల్ల ఆపలే.