ఆడబిడ్డ దగ్గరున్న కోడ్

మా అత్త గొంతు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందంటే, అది పోస్టులు పెట్టుకునే నా పాత అకౌంట్‌లోనే. ఆమె బతికున్న రోజుల్లో సరదాకి తీసి పెట్టిన వీడియోలు పదో పన్నెండో ఉన్నాయి. ఒకదాంట్లో చేపల పులుసు పెడుతూ ఉంటుంది. నేను ఫోన్ పట్టుకుని ఎదురుగా నిలబడితే, "ఆ ఫోను పక్కన పెట్టి ఉప్పందీమే, లోకానికి చూపించేది తర్వాత" అని కసురుతుంది. అకౌంట్ మూసుకుపోయాక ఆ కసురు కోసం మా ఆయన ఎంత బెంగపడ్డాడో నాకు తెలుసు. చేపల వేట నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నానికి కూర్చునే ముందు రోజూ "వచ్చిందా?" అని అడిగేవాడు. రాలేదంటే తల వంచుకుని నాలుగు ముద్దలు తిని లేచేవాడు.

మూసుకుపోవడానికి కారణం నా బద్ధకం. పాత ఫోన్ పాడైంది. నెలల తరబడి రీచార్జ్ చేయించకపోయేసరికి ఆ నంబరు ఇంకెవరికో వెళ్లిపోయింది. ఇక పాస్‌వర్డ్ అంటారా, దాన్ని పెట్టింది నేను కాదు, ఫోన్ అమ్మిన షాపతను. అంగన్‌వాడీలో పిల్లలందరి బరువులూ ఎత్తులూ పుస్తకం చూడకుండా చెప్పేదాన్ని, నా పాస్‌వర్డ్ నాకు తెలియదంటే ఎవరైనా నవ్వుతారు. మా సూపర్‌వైజర్ నవ్వింది కూడా.

అప్పట్లో ఇంకో దారి ఉండేది, ఇప్పుడు తీసేశారని విన్నాను. మనం ముందుగా ఎంచుకున్న ముగ్గురు నమ్మకస్తులకు తలా ఒక కోడ్ వస్తుంది. ఆ మూడూ కొడితే అకౌంట్ తెరుచుకుంటుంది. నేను ఎప్పుడో ఎంచుకున్న ముగ్గురు మా ఆయన, మా అక్క, మా ఆడబిడ్డ. మొదటి ఇద్దరివీ ఒక్క పూటలో దొరికాయి. ఆడబిడ్డకూ నాకూ రెండేళ్లుగా మాటల్లేవు.

తప్పు నాదే. ఈ మాట ఇప్పుడింత తేలిగ్గా రాస్తున్నాను గానీ అప్పుడు చచ్చినా ఒప్పుకోలేదు. అత్త పోయిన పొద్దున ఇల్లంతా గగ్గోలుగా ఉంది. చెల్లెలికి నేను ఫోన్ చేశానని మా ఆయన అనుకున్నాడు, ఆయన చేశాడని నేననుకున్నాను. చుట్టాలందరికీ ఒక్కసారే తెలుస్తుందని అత్త ఫొటో పెట్టి, "మా అత్తగారు ఇక లేరు" అని పోస్టు చేసేశాను. కన్నతల్లి పోయిన సంగతి ఆ పిల్ల ఫోన్‌లో చూసి తెలుసుకుంది.

ఆమె ఉండేది దొరవారిసత్రం అవతల, పులికాట్ సరస్సు గట్టున. పెద్దలు తొందరపెట్టి పొద్దు వాలకముందే అత్త పాడె ఎత్తించేశారు. అంతా అయిపోయాక వచ్చింది. చివరిచూపు దక్కలేదు. వాకిట్లోనే నన్ను నిలేసి, "అమ్మను పోస్టులో పెట్టినావు, నాకొక్క ఫోను చెయ్యలేకపోయినావా?" అని అరిచింది. నేనేమైనా తగ్గానా! "అందరూ మధ్యాన్నానికే వచ్చినారు, నీకే బస్సు దొరకలేదా?" అన్నాను. ఆ రోజుతో సరి.

కోడ్ కోసం మా ఆయన ఫోన్ చేస్తే, "కావాల్సినవాళ్లను వచ్చి అడగమను, అన్నా" అని పెట్టేసిందట. రెండు రోజులు నాలో నేను రుసరుసలాడాను. ఇంత పొగరా, నాలుగు అంకెల కోసం నేను అంత దూరం పోవాలా అనుకున్నాను. మూడో రోజు మా ఆయన "వచ్చిందా?" అని అడగడం కూడా మానేశాడు. అది చూసి నాకు భయం వేసింది. సెలవు పెట్టి బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి ఆమె వాకిట్లో రొయ్యలు ఎండబోస్తోంది. నన్ను చూసి స్టూలు లాగి వేసింది, చెంబుతో నీళ్లిచ్చింది. మాటల్లేనివాళ్లు ఎదురుపడితే మా వైపు ఒక పద్ధతి ఉంది. చెప్పాల్సింది గోడకో, చంకలోని బిడ్డకో చెప్పినట్టు చెబుతారు. ఆ పూట ఆమె ఇంట్లో ఎవరూ లేరు. రొయ్యల చుట్టూ తిరుగుతున్న కోడిపెట్ట ఒకటి దొరికింది.

"ఏమే, ఎండన పడి వచ్చినారు, అన్నం తింటారేమో అడుగు" అంది దానితో.

"తినే వచ్చినానని చెప్పు. కోడ్ కోసం వచ్చినానని గూడా చెప్పు" అన్నాను, నేనూ దానితోనే.

"అది తీసుకొని ఏం చేస్తారంట?"

"అత్త గొంతు అందులోనే ఉండాది. వాళ్లన్న అన్నం సరిగ్గా తినడంలేదని చెప్పు."

రొయ్యలు పరుస్తున్న ఆమె చెయ్యి ఆగింది. లోపలికెళ్లి ఫోన్ తెచ్చింది. కాసేపు వెతికి, కోడి వైపు తిరిగి "ఏడు" అంది. నేను నొక్కాను. "సున్నా" అంది. అదీ నొక్కాను. ఈ లెక్కల గోల కోడికి విసుగేసిందో ఏమో, ఒక రొయ్యను ముక్కున కరుచుకుని గోడ అవతలికి ఎగిరిపోయింది. ఇద్దరం అది పోయిన వైపే చూస్తూ ఉండిపోయాం. ఇంకా రెండు అంకెలు మిగిలే ఉన్నాయి. నాకు నవ్వు ఆగడం లేదు. ఆమె పెదాలు బిగబట్టుకుంది. చివరికి నా ముఖంలోకి చూసి, "నాలుగు, తొమ్మిది" అంది. రెండేళ్ల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

అకౌంట్ తెరుచుకుంది. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకున్నాను, ఈసారి నేనే. పులుసు వీడియో పెడితే ఇద్దరం తలలు దగ్గర పెట్టుకుని చూశాం. ఉప్పు అందీమని అత్త కసరగానే ఆమె పకపకా నవ్వి, "ఎంత గట్టిగా అరుస్తాందో చూడు" అంది. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను. తర్వాత ఫోన్ తన చేతిలోకి తీసుకుని వేలితో జరుపుకుంటూ పోయింది. ఎక్కడికి పోతోందో నాకు అర్థమైంది గానీ ఆపే ధైర్యం లేకపోయింది. ఆ పోస్టు దగ్గర ఆగింది.

నేను దాన్ని పెట్టాక మళ్లీ తెరిచి చూడలేదు, మొహం చెల్లక. కింద వరసగా దండాలు, ఓం శాంతులు. వాటి మధ్య ఆమె రాసినవి మూడున్నాయి.

"వదినా నిజమేనా?"

"ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు."

"ఎవరైనా చెప్పండి. నేను బయల్దేరాలా?"

చివరిదానికి ఎవరో ఒక దండం పెట్టి వదిలేశారు. ఎవరూ జవాబివ్వలేదు.

"పన్నెండు దాకా ఫోను పట్టుకుని ఈడనే కూర్చున్నాను వదినా. నువ్వు నిజం కాదంటావని చూసినా. ఎవరో తప్పు పెట్టినారని అంటావనుకున్నా. చూసి గూడా ఊరకున్నావు" అంది.

"చూడలేదు అమ్మాయ్. మీ అమ్మ మీద ఒట్టు. పోస్టు పెట్టిన కాసేపటికే చార్జింగ్ లేక నా ఫోను ఆరిపోయింది. మీ అన్న ఫోను ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు" అన్నాను.

కన్నకూతురై ఉండి ఆలస్యంగా వచ్చిందని ఈ రెండేళ్లూ మా పాలెంలో అందరూ అనుకున్నారు. ఆ మాట మొదట అన్నది నేను. అది కూడా ఆమెకు చెప్పేశాను, దాచుకోవడానికి నోరు రాలేదు. నాకు నా మీదే అసహ్యం వేసి, ఫోన్ తీసుకుని ఆ పోస్టు చెరిపేయబోయాను.

"తియ్యబాక" అని చెయ్యి పట్టుకుంది. "నేనడిగినదానికి జవాబు రాయి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఆమె చివరి ప్రశ్న కింద రాశాను. "నిజమే అమ్మాయ్. అమ్మ పోయింది. ఉన్నపళంగా బయల్దేరి రా. నువ్వు వచ్చేదాకా ఎత్తనియ్యను."

ఆమె ఒళ్లో ఉన్న తన ఫోన్ మోగింది. తీసి, మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కున్నట్టు చదువుకుంది. "బయల్దేరినా వదినా" అని, నా భుజం మీద పడి, అమ్మా అని ఏడ్చింది.