ఎవరూ పిల్లనివ్వని దేశం

ఆ రోజుల్లో ఏ విషయమైనా రెండు గడులు గీసి విశ్లేషిస్తే అర్థమైపోతుందని నాకొక నమ్మకం ఉండేది. ఇరవై మూడేళ్ళ వయసులో చాలామందికి ఉండే జబ్బే ఇది, కాకపోతే నా దగ్గర దానికి తగ్గ రూళ్ళ నోటుబుక్కు కూడా ఉండేది. రాష్ట్రం విడిపోయిన కొత్త. ప్రొద్దుటూరులో ఒక లోకల్ కేబుల్ టీవీ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. తెర కింద పరుగెత్తే అక్షరాలు టైపు చేయడం నా పని. బంగారు అంగడి ప్రారంభోత్సవం, తప్పిపోయిన ఎనుము, ఫలానావారి వర్ధంతికి శ్రద్ధాంజలి. పోయినవాళ్ళందరినీ నేను ధ్రువతారలనీ మానవతామూర్తులనీ రాసేవాణ్ణి. (ఒకాయన కొడుకు ఆఫీసుకు వచ్చి, "మా నాయన అట్లాంటోడు గాదప్పా, ఊళ్లో నవ్వుతాండారు, తీసెయ్" అని బతిమాలుకున్నాడు. తీసేశాను గానీ, ఆయనకు సాహిత్యం తెలియదనుకున్నాను.)

పని లేని గంటల్లో యూట్యూబులో పాటల పోటీ చూసేవాణ్ణి. ఐరోపా దేశాలన్నీ ఏడాదికోసారి ఒకచోట చేరి పాడతాయి. దేశానికొక పాట. ఎవరి పాటకు వాళ్ళు మార్కులు వేసుకోకూడదు, పక్కవాళ్ళకే వేయాలి. అందులో ఒక చిన్న దేశం మీద నాకు మనసు పడింది. పేరు చెప్పను, ఓడినోళ్ళ పేరు నలుగురిలో చెప్పకూడదనేది మా మామ పెట్టిన నియమం. ఆ దేశం ఏటా చివరికొచ్చేది, లేదా చివరికి ఒక మెట్టు పైన. ఎందుకు ఓడుతోందో కనిపెట్టే బాధ్యత దేవుడు నాకే అప్పగించినట్టు, పాత పోటీలన్నీ వరసగా చూసి నోటుబుక్కు నింపాను. ఎడమ గడిలో పాట, కుడి గడిలో రంగస్థలం. వాళ్ళ భాష నాకు రాదు గనుక పాటల్ని కంప్యూటరు చేత తెలుగు చేయించేవాణ్ణి. "ఓ ప్రియా, నా గుండెలో నీకు వాహనం నిలుపు చోటు కలదు" అని అది చెప్పేది. అదే గొప్ప కవిత్వమనుకుని నేను కింద గీత గీసుకునేవాణ్ణి.

ఆదివారాలు ఆ నోటుబుక్కుతో ఊరికి పోయేవాణ్ణి. మా ఊరు పులివెందులకు పోయే దారిలో ఒక మలుపు దగ్గర. డ్రైవరుకు మనసుంటే బస్సు ఆగుతుంది. మా అమ్మకు పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే ఊరు కావడంతో మా మామది కూడా మా ఊరే. ఆయనకు ముప్పై గొర్రెలు, ఎండుతున్న చీనీ, అంటే బత్తాయి తోట, ఒక చెక్కభజన జట్టు ఉండేవి. చేతుల్లో మువ్వల చెక్కలు వాయిస్తూ వలయం కట్టి ఆడుతూ పాడే పద్నాలుగు మందికి ఆయన గురువు. పులివెందుల చుట్టుపక్కల తోటలకు నీళ్ళు వస్తున్నా మా మలుపు దాకా అప్పటికి రాలేదు. బోర్లన్నీ గాలి కొడుతుండేవి. చీనీ చెట్టు నీడలో కూర్చుని, నా ఫోన్లో ఆ దేశం పాటలు మామకు చూపించి అర్థం చెప్పేవాణ్ణి.

"ఆ పొగ యాలరా? ఎవురిల్లు కాల్తాండాది?" అనేవాడు మామ.

"అది పొగమంచు మామా. ప్రతీక."

"వాన పాటంటివి గదరా అబ్బీ. వానలో పొగమంచేంది? ఆ పాప సుట్టూరా ఆ నిప్పులేంది? పాపం, కాల్తాదేమోనని అది పక్కకు సూసుకుంటా పాడతాండాది. ఇంగ పాటేం తలకెక్కుతాది?"

నేను నాలుగు పేజీల్లో రాసిందాన్ని మామ నాలుగు మాటల్లో చెప్పేవాడు. నాకు కొంచెం కష్టంగా ఉండేది. ఒకరోజు మార్కులు చెప్పే భాగం కూడా చూపించాను. ఏ దేశం ఎవరికెంత వేసిందో ఒక్కొక్కరే చెబుతున్నారు. మామ చాలాసేపు చూసి, చెక్కలు పక్కన పెట్టాడు.

"ఇదిగో, వీళ్లు వాళ్లకిచ్చినారు, వాళ్లు వీళ్లకిచ్చినారు. నీ దేశానికి ఎవురూ ఇయ్యలా. నీ పొగ గాదు, పాట గాదురా. వాళ్లకి సుట్టాలు లేరు. ఆ దేశానికి ఎవురూ పిల్లనిచ్చినట్టు లేదు."

పల్లెటూరి మాట అని నవ్వాను. నోటుబుక్కులో రాసుకోలేదు.

ఏటా ఉగాది తర్వాత మా కేబుల్ ఆఫీసు చెక్కభజన పోటీ పెట్టేది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పక్క ఊళ్ళ నుంచి ఎనిమిది జట్లు. అప్పటికి మామ జట్టు రెండేళ్ళు వరసగా ఎనిమిదో స్థానంలో వచ్చింది. "ఈతూరి గూడా అడుగునే వస్తే చెక్కలు పొయ్యిలో పెడతా. మనిషి మాటే" అని మామ రచ్చకట్ట మీద చెప్పేశాడు. మామ కోపానికి కాదు నేను భయపడింది. జట్టులో కుర్రవాళ్ళు ఒక్కొక్కరే ఫ్యాక్టరీ పనులకు పోతున్నారు, ఉన్నవాళ్ళను కట్టి ఉంచింది ఆ చెక్కలే. పెళ్ళిళ్ళు కూడా కావడం లేదు. నీళ్ళు లేని ఊరికి పిల్లనెవరిస్తారు? పదేళ్ళుగా మా ఊళ్ళోకి కొత్త కోడలు రాలేదు.

అప్పటిదాకా న్యాయనిర్ణేతలంటే వేదిక మీద కూర్చున్న పెద్దమనుషులే. ఎవరు బాగా శాలువా కప్పితే వాళ్ళ జట్టు గెలిచేది. మామకు న్యాయం జరగాలని నేను మా ఓనరన్నకు ఐరోపా పద్ధతి వివరించాను. పోటీని కేబుల్లో, ఫోన్లలో లైవు ఇద్దాం, ప్రతి ఊరూ చూసి మిగతా ఊళ్ళలో మూడింటికి పది, ఆరు, మూడు మార్కులు వేస్తుంది, సొంత ఊరికి వేసుకోకూడదు, ఊరి తరఫున ఒకరు ఫోన్ చేసి చదువుతారు. ఓనరన్న ఎగిరి గంతేశాడు. "వరల్డు లెవెల్ అంటాండావు!" అన్నాడు. అవునన్నాను.

తర్వాత మామ జట్టును విశ్లేషించాను. వాళ్ళ పాటలో మొదటి చరణంలో బోరు వేస్తారు, రెండో చరణంలో నీళ్ళు పడతాయి, మూడో చరణంలో ఎండిపోతాయి. మూడింటికీ ఒకే గంతులు.

"నీళ్ళు పోయినాయని పాడుతూ ఎగురుతారేంది మామా? చివరి చరణంలో ఆగండి. చెక్కలు ఆపండి. ఎనిమిది లెక్కబెట్టేంతసేపు ఎవరూ కదలొద్దు, పలకొద్దు."

"ఎగరకుంటే సెక్కబజన ఎట్లయితాదిరా? జనం ఏమనుకుంటారు?"

"నిశ్శబ్దం మామా. అదే రంగస్థలం."

మామ పద్నాలుగు మంది వైపు చూశాడు. "ఏమప్పా, సదువుకున్నోడు చెప్తాండాడు. రోంతసేపు ఊరకుండడానికి మనకేం ఖర్చు?" అన్నాడు.

పోటీ ప్రొద్దుటూరులో ఒక కళ్యాణమండపంలో పెట్టాం. పట్టపగలు, ఏసీ హాలు. వేదిక మీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే ఎర్ర సోఫా తీయడానికి వీల్లేదన్నారు. జట్లన్నీ దాని చుట్టూనే ఆడాయి. మామ జట్టు ఏడోది. రెండు చరణాలు అదిరిపోయాయి. మూడో చరణంలో "గంగమ్మా, నిన్నేమంటిమే" అని మామ గొంతు పైకి లేచి, ఆగింది. చెక్కలు ఆగాయి. పద్నాలుగు మందీ ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు. ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతున్నాను. నాలుగు దగ్గర మైకాయన ఉలిక్కిపడి లేచాడు. మైకు పోయిందనుకున్నాడు పాపం. వైర్లు పీకి, పెట్టి, "హలో, హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. జట్టులో ఇద్దరు కూడా నవ్వారు. మామ మాత్రం ఎనిమిదీ లెక్కపెట్టుకుని, మిగిలిన పాట పాడి, చెక్కలు కళ్ళకద్దుకుని దిగాడు. నేను నోటుబుక్కులో "నిశ్శబ్దం పనిచేయలేదు" అని రాసుకున్నాను.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. ఓనరన్న ఫోన్ స్పీకరు ఆన్ చేసి మైకు దగ్గర పెట్టాడు.

"హలో, వినపడతాండాదా? మేడెక్కినా, సిగ్నల్ లేదు. మా ఊరు ఇచ్చే పది మార్కులు..." అంటూ మొదటి ఊరాయన ఒక ఊరి పేరు చెప్పాడు. ఆ ఊరి జట్టు మూడుసార్లు తాళం తప్పింది. నాకు అర్థం కాలేదు. పక్కన కూర్చున్న ముసలాయన తల ఊపి, "ఈయప్ప కూతురు ఆడే గదా ఉండేది" అన్నాడు. రెండో ఫోను. ముసలాయన, "ఆడపిల్లనిచ్చినోళ్లు, ఇయ్యకపోతే రేపు అత్త మాటలంటాది" అన్నాడు. మూడో ఫోను వచ్చేసరికి ఆయన ఊరి పేరు వాళ్ళకంటే ముందే చెప్పేస్తున్నాడు. తోటలకు నీళ్ళున్న ఊళ్ళకు కోడళ్ళెక్కువ, కోడళ్ళున్న ఊళ్ళకు మార్కులెక్కువ. మా ఊరికి గుండు సున్నా. కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటు క్వార్టర్స్ జట్టుకు కూడా సున్నా. వాళ్ళు నానా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు, చుట్టుపక్కల బంధువులే లేరు. ఇద్దరికీ సున్నాలే మిగిలితే క్వార్టర్స్ వాళ్ళతో కలిపి మమ్మల్నీ అడుగునే లెక్కిస్తారు.

తర్వాత మా ఊరి ఫోను. చదివేది మా అత్త, అంటే మామ భార్య. ఆమె గొంతు విని నాకు ధైర్యం వచ్చింది. కనీసం మా ఊరైనా పాట విని వేస్తుందనుకున్నాను. "మా పెద్దమ్మాయిని ఇచ్చిన ఊరికి పది. ఇంగ మిగతావి మీరే రాసుకోండి, పొయ్యి మీద పాలుండాయి" అని పెట్టేసింది. మామ తుండుగుడ్డ మొహం మీద కప్పుకున్నాడు. లోపలి నుంచి, "ఏందిరా అల్లుడా, పాటకు మార్కులా, పెండ్లికి మార్కులా?" అన్న మాట వినిపించింది. పద్ధతి తెచ్చింది నేనే. ఆ ఎర్ర సోఫా కిందికి దూరి దాక్కుందామనిపించింది.

చివరి ఫోను జమ్మలమడుగు పక్క ఒక ఊరి నుంచి. మాకూ ఆ ఊరికీ రాకపోకలే లేవు. ఒక అమ్మాయి గొంతు. కాగితం చప్పుడు. కొంచెంసేపు ఏమీ వినపడలేదు. మైకాయన మళ్ళీ లేవబోతే ఓనరన్న భుజం పట్టి కూర్చోబెట్టాడు. అప్పుడు ఆ అమ్మాయి గబగబా మా ఊరి పేరు చెప్పి, "పది" అని, మిగతా రెండూ చదివి పెట్టేసింది.

మామ తుండుగుడ్డ తీసి, "ఎవురూ? మనకేనా?" అన్నాడు. ఎనిమిది జట్లలో మేము ఏడో స్థానంలో వచ్చాం. పద్నాలుగు మందీ మామను ఎత్తుకుని కళ్యాణమండపం చుట్టూ తిప్పారు. (గెలిచిన జట్టు వాళ్ళు తమకేమైనా తప్పు జరిగిందేమోనని ఓనరన్నను అడిగారు.) క్వార్టర్స్ జట్టు దగ్గరికి పోయి మామ ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని, "ఈడ పిల్లల్ని చేసుకోండప్పా, పైకొస్తారు" అని సలహా ఇచ్చాడు.

చెక్కలు పొయ్యిలోకి పోలేదు. మామ అంతటితో ఆగలేదు. నెల తిరక్కుండా నన్ను వెంటబెట్టుకుని ఆ జమ్మలమడుగు పక్క ఊరికి పోయాడు. "మార్కులిచ్చినోళ్లు పిల్లనీరా? అడుగుదాం పద." ఆ అమ్మాయి తండ్రి మంచివాడు. "మార్కులు మా పాపే ఇచ్చింది, దాన్నే అడుక్కోండి" అన్నాడు. ఆమె డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. నన్ను చూసి, "మైక్ టెస్టింగ్ అనింది నువ్వేనా?" అని అడిగింది. కాదన్నాను. కొంచెం నిరుత్సాహపడినట్టు కనిపించింది. అయినా నన్ను చేసుకోవడానికి ఒప్పుకుంది. పదేళ్ళ తర్వాత మా ఊరికి వచ్చిన కొత్త కోడలు ఆమే. తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. నీళ్ళు కూడా వచ్చాయి, అది వేరే కథ.

పెళ్ళయిన రెండేళ్ళకు ఇద్దరం కలిసి నా దేశం పాట చూస్తున్నాం. పాడే అతను మధ్యలో ఆగి కళ్ళు మూసుకున్నాడు. "నెట్టు పోయిందా?" అంది మా ఆవిడ. కాదు, అది నిశ్శబ్దం, నువ్వు పది మార్కులిచ్చింది దానికే కదా అన్నాను. అప్పుడు ఆమె నిజం చెప్పింది.

"మా ఊరి పెద్దోళ్లు కాగితంలో వేరే ఊరు రాసినారు. మా చిన్నత్త ఉండే ఊరు. నేనే మార్చి చదివినా. మీ పాట బాగుండె. మంచి చోటుకొచ్చేసరికి లైవు తెగిపాయ, ఎవురో మైకు మైకంటాండారు. మిగతా జట్లోళ్లందరూ గుండెకాయ పగిలేట్టు అరిస్తే వినపడె, మీకొక్కరికే అట్లాయనే అనిపించింది. ఆగిన చోట బాగా పాడింటారులే అనుకొని పది ఇచ్చినా."

మరుసటి ఆదివారం మామకు చెప్పాను. చీనీ చెట్టుకు ఆనుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "ఎవురికీ చెప్పగాకురా. పది పదే" అన్నాడు.

మామ పోయిన సంవత్సరం పోయాడు. నేనా కేబుల్ ఆఫీసు మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడక్కడ టైపు చేసే అమ్మాయి ఫోన్ చేసి, "ధ్రువతార అని పెట్టనా సార్?" అని అడిగింది. వద్దన్నాను. పేరు, ఊరు, చెక్కభజన గురువు. అంతే చాలన్నాను. "ఇంకా జాగా ఉంది సార్" అంది. ఉండనీ అన్నాను.

ఈ ఏడు పోటీకి మేమిద్దరం పోయాం. జట్టును ఇప్పుడు మామ శిష్యుడొకడు నడుపుతున్నాడు. అదే పాట. మూడో చరణంలో అదే చోట ఆగారు, ఎనిమిది లెక్కపెట్టారు. ముందు వరసలో మామ నిలబడే చోటు ఖాళీగా వదిలారు. మైకాయన ఈసారి లేవలేదు, అతనికీ అలవాటైపోయింది. నేను లెక్కపెట్టడం మరిచిపోయాను. మా ఆవిడ నా చెవి దగ్గరికి వంగి, "బాగా పాడింటాడులే" అంది.

ఇంటికొచ్చాక ఆ పాత నోటుబుక్కు తీశాను. "నిశ్శబ్దం పనిచేయలేదు" అన్న మాట కింద రెండు గీతలు కూడా ఉన్నాయి, స్కేలుతో గీసినవి. ఆ కుర్రవాడి మీద కోపం రాలేదు. కొట్టివేయబుద్ధి కూడా కాలేదు.