ఫోన్ ఎత్తని తోడల్లుడు

మా తోడల్లుడు పోయాడన్న కబురు నాకు మేం వలస వచ్చిన ఊళ్లో, ఉధ్నా వంతెన మీద అందింది. టెంపో నడుపుతూనే ఫోన్ ఎత్తాను. అవతల నా భార్య ఏడుస్తోంది. నడిరోడ్డు మీద బండి ఆపేశానని వెనక హారన్లు మోగేదాకా నాకు తెలియలేదు. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ వేసవిలో, ఆయన పది రోజులు ఆసుపత్రిలో ఉండి కన్నుమూశాడు.

ఆయన నా భార్య అక్క మొగుడు. ఇద్దరం మగ్గాల కార్ఖానాల నుంచి మార్కెట్‌కు బట్ట మూటలు తోలేవాళ్లం. ఆయనంటే నాకు పడేది కాదు. నాకు ఏ చెడూ చేయలేదు. అందరూ ఆయన్నే మెచ్చుకునేవారు, అంతే.

బండి ఎక్కే ముందు ఫోన్‌ను వెనక మూటల మధ్య దోపేవాడు. అది మోగుతూనే ఉండేది. దిగాక వరసగా అందరికీ తిరిగి చేసేవాడు.

"సేట్లు కోపానికొస్తరన్నా" అంటే, "ఫోన్ జేసినోడు యాడికి పోడు తమ్మీ. రోడ్డు దాటెటోడే పోతడు" అనేవాడు.

సేట్లకు నిజంగానే కోపం వచ్చింది. లాక్‌డౌన్ తీశాక ఉన్న సరుకే కొంచెం. మొదటి రింగుకే ఎత్తుతానని ఆయన కిరాయిల్లో సగం నాకే ఇచ్చారు. నేను సంతోషపడ్డాను. అది దాచను.

అప్పుడే నాకొక ఉపాయం తట్టింది. మూతికి రుమాలు కట్టుకునే రోజులవి. ఫోన్‌ను రుమాలుకూ చెవికీ మధ్య దోపితే రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంటాయి. మేముండే డిండోలిలో మావాళ్లు చాలామంది నన్ను చూసి నేర్చుకున్నారు. ఆయన మాత్రం నవ్వాడు.

"చేతులైతే ఖాళీనే. మరి నువ్వో?"

కానుపుకు వచ్చిన మా బిడ్డను ఒకరోజు పరీక్షలకు తీసుకెళ్తున్నాను. సరుకు ఏ గల్లీలో దించాలో సేట్ రుమాల్లోంచి చెబుతున్నాడు. అరటిపళ్ల బండి తోసుకుంటూ ఒకామె ఎదురొచ్చింది. నా కళ్లు అటే ఉన్నాయి, ఆమె మాత్రం కనబడలేదు. బిడ్డ అరిచింది. బ్రేకు తొక్కాను. ఆమెకేమీ కాలేదు. బిడ్డ నుదురు అద్దానికి కొట్టుకుంది. రెండు చేతులూ కడుపు మీద ఉన్నాయి మరి.

నొప్పులు మొదలైన పొద్దున నేను బండి తీసి వాకిట్లో పెట్టాను. బిడ్డ గడప దిగలేదు.

"పెద్దబాపును పిలువుండ్రి."

"నేనున్న గదనే?"

"నీకు సేట్ ఫోన్ జేస్తడు బాపు."

తోడల్లుడు వచ్చి బిడ్డనూ నా భార్యనూ తీసుకెళ్లాడు. నేను ఖాళీ టెంపోతో వెనకాలే వెళ్లాను. ముందు రద్దీగా ఉంది, పక్క సందులోకి తిప్పమని చెప్పడానికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆసుపత్రి దగ్గర బిడ్డను నర్సుకు అప్పగించి, నేను పక్కనే నిలబడి ఉండగా నాకే ఫోన్ చేశాడు. నా జేబులో మోగింది.

"జెప్పు తమ్మీ, నాలుగుసార్లు జేసినవ్."

అంత ఆందోళనలోనూ నా భార్య నవ్వింది. నాకు ఒళ్లు మండింది. మనవడు క్షేమంగా పుట్టాడు. బిడ్డ వాణ్ణి మొదట ఆయన చేతికే ఇమ్మంది.

తాను ఆసుపత్రిలో పడ్డాక మాత్రం ఎవరు చేసినా మొదటి రింగుకే ఎత్తేవాడు.

"పండుకునే ఉన్న తమ్మీ, బండి నడుపుతలేను. ఎంతసేపన్న మాట్లాడు" అన్నాడు దగ్గుతూ.

నేను రెండు నిమిషాల్లో పెట్టేశాను. మా బిడ్డ మాత్రం ఆయనతో గంటసేపు మాట్లాడేది. నేను దారిలోంచి బిడ్డకు చేస్తే, "బండి ఆపినవా బాపు?" అని అడిగేది. హారన్ వినబడితే పెట్టేసేది.

ఇప్పటికీ ఎవరైనా ఆయన్ని మెచ్చుకుంటే నాకు కష్టంగానే ఉంటుంది. మెచ్చుకోదగ్గవాడే.

ఆయన పోయిన నెలకు మనవడికి టీకా వేయించాల్సి వచ్చింది. ఫోన్ ఇంట్లో నా భార్య చేతికిచ్చి వచ్చాను. బిడ్డ కాసేపు నిలబడి, ఎక్కింది. ఒక చేత్తో పిల్లవాణ్ణి అదుముకుని, రెండో అరచేతిని దారి పొడుగునా ముందు అద్దానికి ఆనించే ఉంచింది. ఆమె దిగి లోపలికి వెళ్లాక అద్దం మీద అయిదు వేళ్ల అచ్చు చెమటతో మిగిలింది. ఎండకు అది ఆరిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.