ట్రాలీ పిన్ను, మా ఆయన పేరు

ఈ రోజు పొద్దున మా ఆయన జీపుకు ట్రాలీ తగిలించి, మిర్చి బస్తాలతో ఖమ్మం మార్కెట్‌కు బయలుదేరాడు. బండి కదిలాక చూశాను, ట్రాలీని పట్టి ఉంచే పిన్ను సగం పైకి లేచి ఉంది. అది ఊడిరాకుండా పెట్టే క్లిప్పు మరిచాడు. ముందేమో వాగు దిగుడు.

"ఇగో, ఆగుండ్రి!" అన్నాను. ఇంజను మోతలో వినపడలేదు. పక్కనే అత్తామామలున్నా, కళ్ళు మూసుకుని "ఓ నర్సింహా, ఆగూ!" అని అరిచాను.

జీపు ఆగింది.

"మొగని పేరు పెట్టి పిలుస్తవా?" అంది అత్తమ్మ.

పిన్ను చూసిన మామయ్య, "పిలవనియ్యి. రోజూ బండి కదిలేముందు ఒకసారి గట్లనే పిలువు బిడ్డా" అన్నాడు.

ఆయన దిగి క్లిప్పు పెట్టి వెళ్ళడం కళ్ళారా చూశాను. అయినా పొద్దుగూకే వేళకు ఆయన ఇంకా రాలేదని గుమ్మంలోనే కూర్చున్నాను. మీరైతే పిలిచేవారా?